లప్పం పిడి

దెయ్యాలకు రాత్రే కావాలని ఎవరన్నారో గానీ, ఆ రోజు మేము మధ్యాహ్నం తిన్న గిన్నెలు ఇంకా కడగనే లేదు.

మిస్సోరి కొండల్లో మాది తుపాకులు బాగుచేసే కొట్టు. మాది అంటే వెర్లిన్ బాబాయిదీ, నాదీ. ఆన్‌లైన్ వేలంపాటల్లో జనం చేతులారా పాడుచేసుకున్న పిస్తోళ్లను వెతికి కొనడం బాబాయికి వ్యసనం. పులిచారలు పూసినవి, తలుపు గొళ్లెం అతికించినవి, పెళ్లాం పేరు చెక్కి తర్వాత గీకేసినవి... ఆ సింగారమంతా ఒలిచేసి మళ్లీ తుపాకీలా చేసి అమ్మేవాడు. ఆయన కుడిచేతి పనితనమే మా ఇద్దరి తిండి.

ఆ రోజు పార్సిల్లో వచ్చింది పాత రివాల్వర్. ఎవడో చెక్క పిడి పీకేసి, కార్ల సొట్టలు పూడ్చే బూడిదరంగు లప్పం ముద్దగా పెట్టాడు. పచ్చిగా ఉండగానే గట్టిగా పట్టుకుని ఆరబెట్టినట్టున్నాడు, వేళ్ల గుంటలు పడ్డాయి.

"చూడవే ట్వైలా, పేడముద్దకి గొట్టం మొలిచినట్టు లేదూ!" బాబాయి పడీపడీ నవ్వాడు. తూటాల చక్రం తెరిచి, ఖాళీ అని చూపించి, నా చేతికిచ్చాడు.

"నవ్వుతావేం, ఇటు చూడు. ఈ లావు గుంటలు పట్టుకున్నవాడివి. వాటి మీదుగా పడ్డ ఈ సన్నవి ఎవరివి?"

"వాడివే. రెండో చెయ్యి."

"ఎలా కుదురుతుంది? వేళ్లు ఇటునుంచి పడాలంటే గొట్టానికి ఎదురుగా నిలబడాలి బాబాయ్. ఇవి ఎదుటి మనిషి వేళ్లు. తుపాకీ లాక్కోబోయిన మనిషివి."

"వచ్చిందమ్మా లాయరు! లోపల ఇనుము బంగారంలా ఉంది, గంటలో ఒలిచేస్తాను."

"వద్దు. తిప్పి పంపించెయ్."

"నీకు నచ్చినవే చేస్తూ కూర్చుంటే నువ్వింత ఒళ్లు చేసేదానివా?"

మేము పనిచేసే వెనకగదికి కిటికీల్లేవు. బయట మంచువాన. పడ్డ చినుకు పడ్డట్టే గడ్డకడుతోంది. ఆ బరువుకి కొమ్మలు ఒక్కొక్కటే తుపాకీ పేలినట్టు విరుగుతున్నాయి. బాబాయి బల్ల ముందు కూర్చుని ఆకురాయి తీశాడు. పని మొదలెట్టే ముందు, సరదాకి, కుడిచేతి వేళ్లు ఆ లావు గుంటల్లో పెట్టాడు.

"అబ్బో, నాకే కొలత తీసినట్టుంది!"

కరెంటు పోయింది.

చీకటి. ముక్కుపుటాలు మండించే ఘాటైన వాసన. ఇప్పుడే కలిపిన లప్పం వాసన.

"బాబాయ్, లప్పం డబ్బా ఏమైనా తెరిచావా?"

"లేదే... ఈ పిడి మెత్తబడుతోంది."

"ఆటలొద్దు."

"ఆటలు కాదే... చెయ్యి రావట్లేదు. వేళ్లు లోపలికి పోతున్నాయి... పైనుంచి ఏదో నొక్కేస్తోంది..."

గొంతు సన్నబడిపోయింది. ఆయన గొంతు అలా వినడం నాకదే మొదలు.

"ఎముకలు నలుగుతున్నాయే... నా చెయ్యి పోతుంది. ఏదో ఒకటి చెయ్యి!"

పిడి పగలగొట్టాలి. చెక్క సుత్తి అవతలి గోడకి వేలాడుతోంది. తడుముకుంటూ వెళ్లాను. ఆకురాళ్లు, స్క్రూడ్రైవర్లు కాళ్ల మీద పడ్డాయి. వెనకాల చిటుక్‌మని చిన్న చప్పుడు. బాబాయి మూలుగు. ఇంకో చిటుక్...

సుత్తి దొరికింది.

"ఆ... లాగు. అలాగే... అలాగే లాగు తల్లీ..."

నేను ఆగిపోయాను.

తుపాకీ ఠంగున నేలమీద పడింది.

"హమ్మయ్య..." బాబాయి ఏడుస్తూనే నవ్వుతున్నాడు. "వచ్చేసింది. ఎంత బలమే నీకు! చేతులేంటి ఇలా మంచుగడ్డల్లా ఉన్నాయి?"

నా వీపు గోడకి ఆనుకుని ఉంది. సుత్తి నా రెండు చేతుల్లోనే ఉంది. ఆయనకీ నాకూ మధ్య, గది పొడవునా బల్ల.

"సరేలే. ఇంక వదులు."

బయట ఇంకో కొమ్మ విరిగింది.

"ట్వైలా... నొప్పెడుతోంది... వదలవే..."