శాంతి ముడి

మా సిటీ పార్కులో ఏటా సెప్టెంబరులో రినైసాన్స్ జాతర జరుగుతుంది, అందరూ పాతకాలపు యూరప్ వేషాలు కట్టే పండగ. ఆ నాలుగు రోజులూ మా ఊరి జనానికి పూనకమే. బ్యాంకు మేనేజరు గుర్రమెక్కి ఈటె పడతాడు, పళ్ల డాక్టరు బిచ్చగాడి వేషం వేస్తాడు. నా పని గేటు దగ్గర. కత్తి పట్టుకొచ్చిన ప్రతివాణ్ణీ ఆపి, పిడినీ ఒరనూ కలిపి నారింజరంగు రిబ్బనుతో ముడి వేస్తాను. లోపల ఎవరూ కత్తి దుయ్యకూడదన్నది రూలు. ఆ ముడిని శాంతి ముడి అంటాం.

ఆ ఆదివారం జాతరకి ఆఖరి రోజు. పొద్దున్నుంచే ఎండ మాడ్చేస్తోంది. ఒంటిమీద ఉన్ని గౌను, నడుముకి తోలుపట్టీ, తలకి గుడ్డ. స్కూలు బస్సు నడిపి నడిపి అరిగిపోయిన మోకాళ్లు నావి, మధ్యాహ్నానికే మొరాయించాయి. టర్కీ కోడి కాళ్లు కాలుతున్న పొగ, గుర్రాల లద్దె, జనం చెమట... అన్నీ కలిసి గాలి కదలకుండా బిగుసుకుపోయింది.

నా నీరసానికి అసలు కారణం ఎండ కాదు, మా ఆయన వర్న్. వేసవి ముందే గుండెకి ఆపరేషన్ అయింది. ఎండలో తిరగొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. వింటేనా? రాజు వేషం తనదేనని పట్టుబట్టి, మఖమలు అంగీ తొడుక్కుని, పార్కు మధ్యలో పందిరి కింద సింహాసనం ఎక్కి కూర్చున్నాడు. అతని కోసం నెలల తరబడి సరిగా నిద్రపోలేదు నేను.

"వర్న్, నీళ్లు తాగుతూ ఉండు. లేకపోతే అందరిముందూ కిరీటం పీకేస్తా," అన్నాను పొద్దున.

"రాజుని బెదిరిస్తావా? తల తీయిస్తా, జాగ్రత్త!" అని నవ్వాడు. పెదాలు మాత్రం పాలిపోయి ఉన్నాయి. నాకు భయమేసింది.

భోజనాల వేళ దాటాక గేటు దగ్గర వరస పలచబడింది. అప్పుడు వచ్చాడా మనిషి. పొడుగ్గా, మట్టిరంగు చొక్కాలో, చెప్పుల్లేకుండా. వేషం బాగా కుదిరింది అనుకున్నాను. దగ్గరికి రాగానే ఎండలో ఆరేసి తెచ్చిన దుప్పటి వాసన వచ్చింది. నాకు ఆవలింత ఆగలేదు.

"విచ్చేయుడు దొరవర్యా! తమ ఖడ్గమెచట?" అన్నాను, పొద్దున్నుంచీ అరిచి బొంగురుపోయిన గొంతుతో.

"కత్తి లేదమ్మా." రెండు చేతులూ జోడించి ముందుకి చాపాడు. "ఇవి కట్టండి."

పక్కనే టిక్కెట్లు చింపుతున్న మార్వా పకపకా నవ్వింది. "కట్టవే లోర్నా! ఇంత బుద్ధిమంతుడు ఇవాళ ఒక్కడూ రాలేదు."

వేషంలో ఉన్నవాడు ఏమన్నా వంత పాడాలి గానీ నిజమా అని అడగకూడదు. మా జాతర మర్యాద అది. నేనూ వంత పాడాను. "ఏం నేరం చేశాయి దొరా, ఈ చేతులు?"

"అలిసిపోయినవాళ్లు కనిపిస్తే ఆగవు," అన్నాడు మెల్లగా. "ఇవాళొక్క రోజు ఊరికే చూసి పోదామని వచ్చాను. గట్టిగా కట్టండి."

భలే పట్టాడే పాత్ర అనుకున్నాను. బహుమతి పొట్లానికి కట్టినట్టు పువ్వు ముడి ఒకటి వేసి వదిలేశాను. గట్టిగా లాగే ఓపిక లేదు నాకు. అతని మణికట్టు చల్లగా ఉంది. దాన్ని తాకినంతసేపూ నా వేళ్ల నొప్పి మాయమైంది. ఇంకాసేపు పట్టుకుని ఉండాలనిపించింది. అతను ముడి వంక చూశాడు, నా వంక చూశాడు.

"మీరూ బాగా అలిసిపోయారు," అని లోపలికి నడిచాడు.

కాసేపటికి అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ మీద ఓర్విల్, కమ్మరి వేషం వేసే పెద్దాయన. మొహం మీద దుప్పటి కప్పేశారు.

"గడ్డిమోపు మీద కూర్చుని కునుకు తీశాడట," అంది మార్వా. "ఎవరో భుజం తట్టి మాట్లాడుతుంటే చూశారట. తర్వాత ఎంత పిలిచినా లేవలేదు..."

"ఎవరు తట్టింది?"

"మట్టిరంగు చొక్కా అతను. మనం చేతులు కట్టాం చూడు... ఇప్పుడా చేతులకి కట్టు లేదట!"

ఓర్విల్ అలిసిపోయిన మనిషి. ఈ పార్కులో అతనికంటే అలిసిపోయినవాడు ఒక్కడే ఉన్నాడు.

వర్న్.

పరుగెత్తాను. జనాన్ని తోసుకుంటూ, గౌను తొక్కుకుంటూ. దారిలో ముసలి గుర్రం ఒకటి పక్కకి ఒరిగి పడి ఉంది. కళ్లు మూసుకుని... ఎంతో హాయిగా. డప్పులు మోగుతూనే ఉన్నాయి. నాకు మాత్రం వినిపించడం తగ్గిపోయింది.

పందిరి కింద గాలి చల్లగా ఉంది. ఆ దుప్పటి వాసన...

వర్న్ గడ్డం గుండెల మీదకి వాలిపోయింది. సింహాసనం వెనక అతను. అరచెయ్యి వర్న్ భుజం మీద.

"తియ్... చెయ్యి తియ్..."

"ఈయన చాలా అలిసిపోయాడమ్మా," గుసగుసగా అన్నాడు. "గట్టిగా కట్టమన్నాను మిమ్మల్ని."

నా నడుముపట్టీలో రిబ్బన్లు ఉన్నాయి. అన్నీ లాగాను. అతని చేతులు రెండూ దగ్గరికి లాక్కుని చుట్టాను. మళ్లీ చుట్టాను. ముడి మీద ముడి. పళ్లతో పట్టి బిగించాను. అతను కదల్లేదు.

"ఇది విప్పడం నావల్ల కాదు. ఎవరివల్లా కాదు," అన్నాడు. "తెలిసే కడుతున్నారా?"

"తెలిసే. పో. పో ఇక్కణ్ణుంచి..."

అతని మొహంలో కోపం లేదు. ఎన్నాళ్లకో సెలవు దొరికిన పనివాడిలా ఉన్నాడు. కట్టిన చేతులు ముందుకి పెట్టుకుని, గేటు దాటి, రోడ్డు వైపు వెళ్లిపోయాడు.

వర్న్ కళ్లు తెరిచాడు. "ఎందుకు లేపావు లోర్నా? ఎంత మంచి నిద్ర పట్టిందో!"

నేను కూలబడి ఏడ్చాను. అతనే నన్ను లేపి, చెయ్యి పట్టుకుని కారు దాకా తీసుకెళ్లాడు. చకచకా నడిచాడు. ఆయాసం లేదు, ఆగడం లేదు. పార్కింగులో జనం నవ్వుతూ కార్లెక్కుతున్నారు. ఇంకా బోలెడు ఎండ ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే వర్న్‌ని వాటేసుకుని గుండె మీద తల ఆనించాను.

కాసేపు అలాగే ఉన్నాను.

మఖమలు మందం కదా అనుకుని, అంగీ బొత్తాలు విప్పి చెవి ఆనించాను. ఆపరేషన్ మచ్చ పక్కన. తర్వాత ఇంకాస్త ఎడమకి. ఊపిరి బిగబట్టి విన్నాను...

ఏమీ లేదు.

"ఏంటోయ్, అందరూ చూస్తున్నారు!" అని నవ్వాడు వర్న్. ఆ నవ్వుకి నా చెవి కింద ఛాతీ అదిరింది. నవ్వు ఆగింది. మళ్లీ నిశ్శబ్దం.

"తాళాలిలా ఇవ్వు, కారు నేను నడుపుతా," అన్నాడు. "చిత్రంగా ఉంది లోర్నా. నాకసలు అలుపే లేదు."