ఆగిన బండి

కెనడాలో రెడ్ నది పొంగి ఊళ్లను ముంచేసిన ఏడాది.

ఆ వరద తర్వాత వచ్చిన చలికాలం. విన్నిపెగ్ సరస్సు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా గడ్డకట్టి ఉంది.

సాయంత్రమే. కానీ చీకటి పడిపోయింది.

ఢాం!

బుల్లెట్ చెవి పక్కనుంచి దూసుకుపోతుంది.

ఇంగిమార్ తల వంచుతాడు. బొటనవేలితో యాక్సిలరేటర్ ఇంకా గట్టిగా నొక్కుతాడు. మంచు మీద నడిచే ఆ స్నోమొబైల్ బండి ఎగిరి పడుతుంది. దాని వెనక తాడుకు కట్టిన, మంచు మీద జారే స్లెడ్జి కూడా ఎగిరి పడుతుంది.

స్లెడ్జిలో తమ్ముడు స్టెయినీ. తొడలో బుల్లెట్!

"చంపుతావా ఏంటి అన్నా! మెల్లగా పోనీ!"

"మెల్లగా పోతే వాడు చంపుతాడు."

వెనక ఒకే ఒక్క లైటు. వదలడం లేదు...

ఇందాకటి దాకా ఇద్దరూ మంచు మీద వేసుకున్న గుడిసెలో చేపల వలలు సర్దుకుంటున్నారు. బయట బండి చప్పుడైంది. స్టెయినీ తలుపు తీశాడు. ఢాం! అంతే. ఇంగిమార్ తమ్ముణ్ణి స్లెడ్జిలో పడేసి, టార్పాలిన్ కప్పి, బండి తీశాడు.

కాల్చింది ఎవరు? ఎందుకు? తెలియదు.

తెలిసింది ఒక్కటే. తమ్ముణ్ణి ఒడ్డుకు చేర్చాలి. ఒడ్డున ఆసుపత్రి ఉంది. దాని దీపాలు సూదిమొనల్లా కనిపిస్తున్నాయి. ఎంత పోయినా దగ్గరవడం లేదు.

"నెత్తురు ఆగిందా?"

"కాస్త. బండి బాగానే లాగుతోంది కదా! సెకండ్ హ్యాండ్ అని ఆ రోజు మూతి ముడుచుకున్నావ్."

ఇంగిమార్ దీపాల వైపే బండి పోనిస్తాడు.

క్రిస్మస్‌కి ముందు వాళ్ల పాత బండి మంచు విరిగి నీళ్లలో మునిగిపోయింది. స్టెయినీ దూకి బయటపడ్డాడు. వలలేమో మంచు కింద ఉన్నాయి. బండి లేకపోతే వాటిని ఎత్తలేరు. అవి ఎత్తకపోతే ఆ ఏడు తిండి లేదు. పట్నం పోయి పాత బండి ఏదైనా కొనుక్కొస్తానని స్టెయినీ పొద్దున్నే నడిచి వెళ్లాడు. సాయంత్రానికల్లా దీని మీద వచ్చాడు. ఫ్లాస్కు నిండా వేడి వేడి టీ కూడా తెచ్చాడు.

ఎవడో అమ్మేశాడన్నాడు. చవగ్గా వచ్చిందన్నాడు. ఇంగిమార్ ఇంకేమీ అడగలేదు. అడిగే అలవాటు లేదు.

వెనక్కి చూస్తాడు.

లైటు లేదు!

మళ్లీ చూస్తాడు. లేదు. చప్పుడు కూడా లేదు. గాలి ఒక్కటే...

"వాడి బండి ఆగిపోయిందిరా."

"ఆగిందా? దేవుడున్నాడు! పోనీ, పోనీ!"

ఇంగిమార్ బొటనవేలు సడలుతుంది. బండి వేగం తగ్గుతుంది.

"ఏంటన్నా ఆపుతున్నావ్?"

"వాడు ఆగిపోయాడు."

"అయితే? చావనీ!"

ఇంగిమార్ వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూస్తాడు.

ఈ సరస్సు మీద పుట్టినవాడు ఆ మాట అనడు. మంచు మీద బండి ఆగినవాణ్ణి దాటి పోకూడదు. దొంగైనా సరే. పాత పగవాడైనా సరే. ముందు ఒడ్డుకు చేర్చు, తర్వాత కావాలంటే తన్నుకో. ఇక్కడ పిల్లలకు నడకతో పాటు నేర్పే సంగతి ఇది. ఈ గాలికి తెల్లారేసరికి మనిషి కొయ్యబారిపోతాడు.

"వాడి దగ్గర తుపాకీ ఉంది! నీకు మతి పోయిందా?"

"వాడి చేతులు ఈపాటికి పనిచెయ్యవు."

"నా కాలో?"

"తెలుసు."

బండి తిప్పుతాడు.

"అన్నా! వద్దు! నీ కాళ్లు పట్టుకుంటా, వద్దు!"

తిట్లు. ఏడుపు. మళ్లీ తిట్లు. ఇంగిమార్ చెవులకు గాలి తప్ప ఏమీ వినిపించనట్టు పోతాడు.

లైటు వెలుగులో మనిషి!

పాతికేళ్లు కూడా ఉండవు. చచ్చిన బండి పక్కన నిలబడ్డాడు. తుపాకీ సూటిగా ఇంగిమార్ గుండెల మీదికి!

"కదిలితే కాల్చేస్తా!"

"కాల్చుదువుగానిలే. ముందు ఎక్కు."

కుర్రాడి వేలు ట్రిగ్గర్ మీద ఉంది. గురి కోసం గ్లౌజు తీసేశాడు. వేలు మైనంలా తెల్లగా ఉంది. వంచాలని చూస్తాడు. వంగడం లేదు. మళ్లీ చూస్తాడు... వంగదు. ఏడుపు వస్తుంది వాడికి. కన్నీళ్లు చెంపల మీదే గడ్డకడుతున్నాయి.

"ఎవరి అబ్బాయివి?"

"మేట్రో కొడుకుని. ఒరెస్ట్. తూర్పు ఒడ్డు."

మేట్రో! ఆ పేరు అందరికీ తెలుసు. క్రిస్మస్ ముందు మంచు మీద బిగుసుకుపోయి దొరికాడు. అతని బండి మాత్రం దొరకలేదు.

"నువ్వు ఎక్కి తిరుగుతున్నావే, అది మా నాన్న బండి! ఎడమ స్కీకి ఆ అతుకు వేసింది నేనే! సరస్సంతా వెతికా. గుడిసె గుడిసెకీ తిరిగా!"

ఇంగిమార్ బండి కిందున్న ఎడమ స్కీ పట్టీ వైపు చూస్తాడు. అతుకు ఉంది.

"నాన్న ఎలా ఉన్నాడో తెలుసా? పడిపోయి లేడు. కూర్చుని ఉన్నాడు. పడమటికి చూస్తూ! ఎవడో వస్తానని చెప్పి వెళ్లినట్టు... ఎవడి కోసం కూర్చున్నాడు మా నాన్న?"

ఇంగిమార్ టార్చి తీసి స్లెడ్జి మీద వేస్తాడు.

"స్టెయినీ."

"వాడొక పిచ్చోడు అన్నా!"

"స్టెయినీ."

టార్పాలిన్ కింద నుంచి చిన్న గొంతు.

"దారిలో కనిపించాడు. నడుస్తున్నానని వాడే ఆగాడు. మా అన్నకి గుండెనొప్పి, గుడిసెలో పడిపోయాడు, బండి మీద పడుకోబెట్టి తేవాలి, మళ్లీ వచ్చి నిన్ను తీసుకెళ్తా అని చెప్పా. దిగి ఇచ్చేశాడు. టీ కూడా ఇచ్చాడు... మీ అన్నకి పట్టు బాబూ అని."

ఆ టీ తాగింది ఇంగిమారే.

"తిరిగి వెళ్దామనే అనుకున్నా! ఒట్టు! గాలి లేచింది. ఆ తర్వాత... వలలు గుర్తొచ్చాయి."

ఒరెస్ట్ కీచుమని అరిచి స్లెడ్జి మీదికి దూకుతాడు. చచ్చుపడ్డ చేతులతో గుద్దుతాడు. దెబ్బలకు బలం లేదు. ఇంగిమార్ నడుం పట్టి లాగేస్తాడు. వాడి చేతిలోంచి జారిన తుపాకీ తీసి స్లెడ్జిలో అడుగున పడేస్తాడు.

"ఇద్దరినీ ఒడ్డుకు చేరుస్తా. అక్కడ చంపుకోండి."

ఒరెస్ట్‌ను తన వెనక సీటు మీద కూర్చోబెట్టుకుంటాడు. బండి కదులుతుంది. వాడి పళ్లు టకటకమంటున్నాయి.

"నాన్న పోయాక ఎవరూ ఆగట్లేదు," వీపు వెనక నుంచి అంటాడు. "ఎవడు ఎలాంటి వాడో అని. మీరెందుకు ఆగారు పెద్దయ్యా?"

ఇంగిమార్ బండి వేగం పెంచుతాడు.

దీపాలు కాస్త పెద్దవయ్యాయి...

"అన్నా!" స్లెడ్జిలోంచి కేక. "వాణ్ణి దింపెయ్! ఎవరూ చూడలేదు! మనిద్దరమే పోదాం!"

ఇంగిమార్ తిరిగి చూస్తాడు. టార్పాలిన్ మీద తుపాకీ గొట్టం!

"స్టెయినీ, వద్దురా...!"

ఢాం!

ఒరెస్ట్ వణుకుతాడు. వాడికి తగల్లేదు. స్లెడ్జి ఎగిరిపడటంతో గురి తప్పింది. బండి ముందు భాగంలోంచి ఆవిరి బుస్సుమంటుంది. ఇంజను దగ్గుతుంది. ఇంకోసారి దగ్గుతుంది.

ఆగిపోతుంది.

లైటు కూడా పోతుంది.

చీకట్లో ముగ్గురు.

ఇంగిమార్ దిగుతాడు. తుపాకీ లాక్కుని విసిరేస్తాడు. తమ్ముణ్ణి కొట్టడు. తిట్టడు. ఒరెస్ట్‌ను మోసుకెళ్లి స్టెయినీ పక్కన పడుకోబెడతాడు.

"వాణ్ణి పట్టుకో."

"ఏంటీ?"

"గట్టిగా పట్టుకో. మీ ఇద్దరికీ ఉన్న వేడి అదే. వాడు పోతే నువ్వూ పోతావ్."

టార్పాలిన్ కప్పేస్తాడు. తాడు భుజాన వేసుకుంటాడు. లాగుతాడు.

అడుగు. ఇంకో అడుగు. దీపాలు ఉన్నచోటే ఉన్నాయి...

అప్పుడు వినిపిస్తుంది. ఇంజను!

ఎదురుగా ఒక లైటు! ఒడ్డు వైపు నుంచి వస్తోంది!

"అన్నా! ఎవరో వస్తున్నారు!"

ఇంగిమార్ తాడు వదిలేసి టార్చి ఊపుతాడు. రెండు చేతులూ ఊపుతాడు. గొంతు చించుకుంటాడు. లైటు దగ్గరవుతుంది. నెమ్మదిస్తుంది. ఆగుతుంది! వెలుగు ఇంగిమార్ ముఖం మీద. స్లెడ్జి మీద. దాని పక్కన కారిన నెత్తురు మీద.

"మనుషులున్నారు! బతికే ఉన్నారు! రండయ్యా!"

లైటు కదలదు. ఇంజను గురగురమంటూనే ఉంది.

"నేను ఇంగిమార్‌ని! నన్ను ఎరగరా?"

లైటు పక్కకు తిరుగుతుంది.

"ఒరేయ్! ఆగరా! ఆగిన బండిరా ఇది!"

పెద్ద వలయం చుట్టి, వాళ్లకు అందనంత దూరంగా తప్పుకుని, దాని వెనక ఉన్న ఎర్ర లైటు చిన్నదై... చీకట్లో కలిసిపోతుంది.

ఇంగిమార్ తాడు వెతుక్కుంటాడు. భుజాన వేసుకుంటాడు.

లాగుతాడు.

* * *

తెల్లవారింది. ఆసుపత్రి.

ఇద్దరూ బతికారు. ఒరెస్ట్ చేతులకు కట్లు. వేళ్లలో ఎన్ని మిగులుతాయో డాక్టరు ఇంకా చెప్పలేదు. స్టెయినీ మంచం పక్కన పోలీసాయన నిలబడ్డాడు.

"వేటలో పొరపాటు సార్," స్టెయినీ చెప్పాడు. "చీకట్లో కుర్రాడు చూసుకోలేదు. బండా? సెకండ్ హ్యాండ్‌ది సార్. పట్నంలో ఎవడో అమ్మాడు. మా అన్నకీ తెలుసు."

పక్క మంచం మీంచి ఒరెస్ట్ అరవలేదు. తన మాట ఎవరూ నమ్మరని వాడికి తెలిసిపోయింది. పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

పోలీసాయన ఇంగిమార్ వైపు తిరిగాడు.

"ఏం పెద్దాయనా? ఎవరి దగ్గర కొన్నారు?"

"అన్నా..." స్టెయినీ మంచం మీంచి చెయ్యి చాచాడు. "చెప్పన్నా. ఎవడో పట్నం వాడని చెప్పు."

ఇంగిమార్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కొనలేదు," అన్నాడు. "మేట్రో ఇచ్చాడు. నాకు గుండెనొప్పి అని వీడు చెబితే."