జత విడదీసిన బద్దలు

ఆ ఉదయం అన్న దర్వాజా చెక్కకు చిత్రిక పడుతుండగా తమ్ముడు లోపలికి వచ్చాడు. భుజాన గోనెపట్టాలో చుట్టిన కట్ట. నాన్న పోయి, అన్నదమ్ములు వేరుపడ్డాక అతను ఈ గుమ్మం తొక్కడం ఇదే మొదలు.

"వదినా, టీ ఏమన్నా పడుతుందా?" అన్నాడు, నిన్ననే వచ్చి వెళ్ళినవాడిలా.

అన్న చేతిలో పని ఆపలేదు. "ఇన్నేళ్ళకి అన్న గుర్తొచ్చాడా, అవసరం గుర్తొచ్చిందా?"

"రెండూనూ."

వాళ్ళ నాన్న విల్లులు చేసేవాడు. దుంగను నిలువునా చీల్చి, పక్కపక్కన వచ్చిన రెండు బద్దలను జతగా కట్టేవాడు. పగుళ్ళు రాకుండా కొసలకు జిగురు పూసి, అటక మీద నీడపట్టున ఏళ్ళ తరబడి ఆరబెట్టేవాడు. ఆరాక ఆ రెంటినీ పిడి దగ్గర అతికితే విల్లు. ఒకే చెట్టువి, ఒకే గాలికి ఆరినవి కాబట్టి రెండువైపులా ఒకేలా వంగేది. కోత పెద్దవాడిది, చెక్కుడు చిన్నవాడిది.

పంపకాల రోజు పెద్దవాడికి పౌరుషం పొడుచుకొచ్చింది. "అన్నీ సరిసగం" అంటూ ప్రతి జతా విప్పి, ఒక బద్ద తనవైపు, ఒకటి తమ్ముడివైపు వేశాడు. "విడదీస్తే ఎవరికీ పనికిరావు అన్నయ్యా, జతలుగానే పంచుకుందాం" అని తమ్ముడు మొత్తుకున్నా వినలేదు. చూసినవాళ్ళు న్యాయంగా పంచాడన్నారు. కళ్ళు మండిపోతున్నప్పుడు చేసే న్యాయం అలాగే ఉంటుంది మరి.

తమ్ముడు కట్ట విప్పాడు. బద్దలు తేనెరంగుకు తిరిగి ఉన్నాయి. "ఎలుక పన్ను కూడా పడనివ్వలేదు మీ తోడికోడలు" అన్నాడు వదినతో. తర్వాత అన్నవైపు తిరిగాడు. "మా అమ్మాయి విలువిద్య నేర్చుకుంటోంది. రోజూ ఎవరినో అడిగి విల్లు తెచ్చుకుంటోంది. తాత కర్రతో దానికి ఒక్కటి చేసిద్దాం. నీ బద్దలు దించు, జత చూద్దాం."

"ఇప్పుడు కుదరదు. పనుంది."

"నేనే దించుకుంటాలే."

"అటక మీద తేళ్ళున్నాయి."

"నీకంటే కుడతాయా?"

వదిన నవ్వబోయి మానుకుంది. గ్లాసులు కింద పెట్టి, "ఏమండీ, మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అంది.

"నువ్వు లోపలికి పో."

"పోను. ఇన్నాళ్ళూ నోరు మూసుకుని లోపలే ఉన్నాను."

తమ్ముడు ఇద్దరి ముఖాలూ చూశాడు. అన్న చిత్రిక పక్కన పెట్టాడు.

"అవి లేవురా. పొయ్యిలో పెట్టేశాను."

"అన్నీనా?"

"అన్నీ. వానలకి కట్టెలు తడిసిపోయి..." ఆగాడు. "అబద్ధం. పొడి కట్టెలు పక్కింట్లో అడిగితే ఇచ్చేవాళ్ళే. నువ్వు ఎప్పుడో ఒకనాడు వాటికోసం వస్తావనిపించింది. వచ్చినా దొరక్కూడదనిపించింది."

తమ్ముడు గుమ్మంలో చతికిలబడ్డాడు. తిడతాడని అన్న కాచుకున్నాడు. తిడితే తనూ నాలుగు అనేసి తేలికపడేవాడు. ఆ పాపిష్టి సుఖం కూడా దక్కలేదు.

కట్టలోంచి ఒక బద్ద ఒళ్ళోకి తీసుకుని తమ్ముడు అడిగాడు. "ఎలా మండాయి?"

"పొగే రాలేదురా. చిటపటలాడలేదు. ఒత్తి వెలిగినట్టు మండాయి."

"నాన్న ఆరబెట్టినవి మరి." గొప్పగా అన్నాడు తమ్ముడు.

నాన్న పోయిననాడు పంపకాల ధ్యాసలో పడి ఏడవని అన్న, ఇప్పుడు ఆ చెక్కపొట్టులో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వదిన ఓదార్చలేదు. ఓదార్చవలసిన ఏడుపు కాదది.

తమ్ముడే లేచి, గోడకు ఆన్చిన చెక్కల్లోంచి ఒకటి తీసి వేలితో తట్టి చూశాడు. "ఇది ఆరిందా?"

"ఆరింది. కానీ నాన్న కర్రకి సాటిరాదు. మెత్తన."

"అయితే నాన్నదాన్నే పల్చగా చెక్కుతాను, దీంతో సమంగా వంగేదాకా."

"నాకోసం మంచిదాన్ని అరగదీస్తావట్రా?"

"ఇన్నాళ్ళూ నేను చేసింది అదేగా? కోత మాత్రం నువ్వే కొయ్యాలి. నాకు వంకరపోతుంది."

అన్న రంపం అందుకున్నాడు. రెండు కొసలనూ పళ్ళలా కోసి ఒకదాంట్లో ఒకటి దింపాడు. ఒకచోట వెంట్రుకవాసి సందు మిగిలింది. మునుపు అతని కోతలో వెలుతురు దూరేది కాదు.

"తప్పిందిరా."

"జిగురు పడితే కనబడదు."

"మనకి తెలుస్తుందిగా."

"తెలియనీ" అన్నాడు తమ్ముడు.

జిగురు పూసి, తాడు బిగించి, చెరోవైపు అదిమిపట్టుకుని కూర్చున్నారు. వదిన అన్నానికి పిలిచింది. ఇద్దరిలో ఎవరూ చెయ్యి తీయలేదు.