ఒకే తాడు, రెండు కిటికీలు

ఆరేసిన తన చొక్కాలు వరసగా ఎదురింటి కిటికీలోకి వెళ్లిపోతుంటే రోకో నోరు తెరుచుకుని చూశాడు.

"ఏమండీ! ఆ తాడు లాగకండి!"

"నా దుప్పటి ఆరేసుకోవద్దా? మీ చొక్కాలు వాటంతట అవే వచ్చేస్తుంటే నేనేం చేయను?" అంది అవతలి కిటికీలోంచి ఒక అమ్మాయి.

స్ప్లిట్ అనే సముద్రతీరపు ఊరి పాతబస్తీలో, ఒకప్పటి రోమన్ చక్రవర్తి కట్టించుకున్న కోటగోడల మధ్య సందుల్లో, ఎదురెదురు ఇళ్లకు ఒకటే తాడు. రెండు వైపులా కప్పీలు. ఎవరు లాగినా అవతలివాళ్ల బట్టలు కదలాల్సిందే. అందుకే లాగే ముందు ఒక కేక వేస్తారు.

"అయినా ఈ దక్షిణపు గాలికి దుప్పటేం ఆరుతుంది? కాసేపట్లో వానొస్తుంది. మీది రాజధాని జాగ్రెబ్ కదూ?" అన్నాడు రోకో.

"నా మొహం మీద రాసుందా?"

"దుప్పటి మీద రాసుంది. ఈ ఊరివాళ్లెవరూ ఈ గాలికి ఆరేయరు."

ఆమె ఫక్కున నవ్వింది. పేరు నెదా. చనిపోయిన పిన్ని ఇల్లు అమ్మడానికి వచ్చింది. అంతలో వాన రానే వచ్చింది, దుప్పటి తడిసి ముద్దయింది.

సందులో మిగతా ఇళ్లన్నీ యాత్రికుల అద్దె గదులైపోయాయి. వేసవి దాటితే అన్నిటికీ తాళాలే. నెదా పిన్ని పోయాక కూడా రోకో అలవాటుకొద్దీ కేకేసేవాడు. జవాబు రాని కేక తనకే భయం పుట్టించడంతో మానేశాడు. రోజంతా మాట్లాడే మనిషి లేక అతని గొంతు అతనికే కొత్తగా వినిపించేది.

ఇప్పుడు రోజూ "రోకో, లాగుతున్నా!" అని వినబడుతోంది. ఆ ఒక్క మాట కోసం ఉతికిన చొక్కానే మళ్లీ ఉతికేవాడు. ఆదివారాలు సముద్రం ఒడ్డున ఒక్క కప్పు కాఫీతో పూటంతా కూర్చునేవాళ్లు. అసలు మాట మాత్రం అతని నోట రాలేదు.

ఒక ఉదయం నెదా పెట్టెతో కిందికి, రోకో నిలబడి ఉన్న సందులోకి దిగింది.

"ఇల్లు అమ్మేశాను. కొన్నవాళ్లూ గదులు అద్దెకే ఇస్తారట. మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోతున్నా."

రోకో పెట్టె వైపు చూశాడు. "పెట్టె బరువుగా ఉందా?" అన్నాడు.

"అడగడానికి అదొక్కటే దొరికిందా?" నెదా కళ్లలో నీళ్లు తిరిగాయి. "వెళ్లొద్దని అనవేం?"

"ఇల్లు అమ్మేశావు కదా!"

"అమ్మింది ఇల్లే కదా!"

"వెళ్లొద్దు నెదా. నువ్వంటే నాకిష్టం. ఇక్కడ ఒక్కడినే ఉండలేను."

"మరి నేనెక్కడుండను?"

"ఎదురింట్లో... అంటే, మా ఇంట్లో."

నెదా కళ్లు తుడుచుకుని పెట్టె అతని చేతిలో పెట్టింది.

"జాగ్రెబ్‌లో నాకోసం ఎదురుచూసేవాళ్లెవరూ లేరు రోకో. పద, మీ మెట్లు ఎటువైపు?"