మూడో చెయ్యి లేచిన షెడ్డు

నూకాలు కుడిచెవి వెనక అంటించిన బిళ్ళ రెండుసార్లు మెరిసింది. ఆమె భుజానికి తొడిగిన మూడో చెయ్యి ఐసు బుట్టలోకి వంగి, ఒక రొయ్యని ఏరి, ఆమె అరచేతిలో పెట్టింది. విశాఖ రేవు పక్క రొయ్యల షెడ్డులో ఉన్న నలభై మంది ఆడవాళ్ళూ గోలగోలగా నవ్వారు.

"చూశారా! చెవి కదిపితే చాలు," అన్నాడు డాక్టర్ ఇమ్మానుయేలు. ఆ చేతిని తయారుచేసిన సైంటిస్టు అతనే. ముప్ఫై ఏళ్ళు ఇంకా నిండలేదు.

మనిషి చెవి చుట్టూ మూడు చిన్న కండరాలుంటాయి. పిల్లులూ గుర్రాలూ వాటితోనే చెవుల్ని చప్పుడు వైపు తిప్పుతాయి. మనకి ఆ పని ఏనాడో పోయింది, కండరాలు మాత్రం మిగిలాయి. వాటిలో పుట్టే కొద్దిపాటి కరెంటుని బిళ్ళలోని సెన్సర్ పట్టుకుని మోటార్లకి అందిస్తుంది. రెండు వారాలు సాధన చేస్తే ఎవరి చెవైనా మాట వింటుంది.

"ఈకలు ఎగరడానికి పుట్టలేదమ్మా," ఇమ్మానుయేలు గొంతు పెంచాడు. "ఒంటిని వెచ్చగా ఉంచడానికి పుట్టాయి. ఎగరడం తర్వాత దొరికిన పని. అలాగే మీ చెవులకి నేను కొత్త పని ఇచ్చాను. శ్రమజీవికి మూడో చెయ్యి! శ్రమభారం ఇక చరిత్రే!"

"వెచ్చగా అంటే గుర్తొచ్చింది బాబూ. వేణ్ణీళ్ళ తొట్టెల సంగతి మీరైనా మేనేజరు బాబుతో సెప్పండి," అంది నూకాలు.

నూకాలుకి కావలసింది అదొక్కటే. పదకొండేళ్ళుగా రోజుకి పది గంటలు ఐసులో చేతులుంచి రొయ్యలు ఒలుస్తోంది. సాయంత్రమయ్యేసరికి వేళ్ళు కొయ్యబారిపోయి, మనవరాలికి జడ కూడా వెయ్యలేకపోతోంది. గంటకోసారి వేణ్ణీళ్ళలో చేతులు పెట్టుకోవడానికి పది నిమిషాలు ఇమ్మని ఏడుసార్లు అడిగింది. ఏడుసార్లూ మేనేజర్ భాస్కర వర్మ ఫోన్ చూసుకుంటూనే, "వింటున్నానమ్మా, వింటున్నాను," అన్నాడు. ఉన్న రెండు చేతులూ మొద్దుబారుతున్నాయని చెబితే, కంపెనీ మూడో చెయ్యి కొన్నది.

సాధన ముగించి అందరూ మూడో చెయ్యి తొడుక్కుని పనిలోకి దిగిన మూడోరోజు గొడవ మొదలైంది. పక్క బల్ల దగ్గర పైడమ్మ తన ఆడపడుచు పెళ్ళి కబురు చెబుతోంది. "కరెంటు పోనాదా, మళ్ళీ వచ్చేతలికి పీటల మీద పెళ్ళికూతురు ఒక్కర్తే ఉంది. పెళ్ళికొడుకు లేడు!"

నలభై మంది భుజాల మీది మూడో చేతులూ ఒక్కసారిగా గాలిలోకి లేచాయి. రొయ్యలు పైకప్పుకి తగిలి నెత్తిన పడ్డాయి.

"ఓలమ్మో! నానేటీ సెయ్యనేదు!"

"తర్వాతేటయిందో సెప్పవే పైడీ!"

ఆ వెంటనే సూపర్‌వైజర్ వచ్చి ఈ నెల టార్గెట్లు చదివాడు. నలభై చేతులూ వాలిపోయాయి.

ఇమ్మానుయేలు రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని తప్పు పట్టుకున్నాడు. చేతిని తయారుచేసేటప్పుడు అతను చప్పుడు లేని ల్యాబులో, ఒంటరిగా, తన చెవులతోనే సెన్సర్‌ని సరిచూసుకున్నాడు. అక్కడ వినదగ్గ మాట చెప్పేవాళ్ళే లేరు. మనిషి మనసు పెట్టి విన్నప్పుడు ఆ కండరాలు తమంతట తామే, కంటికి కనిపించనంతగా బిగుస్తాయి; దాంతో చెయ్యి లేస్తుంది. పాత పనిని అవి పూర్తిగా మరిచిపోలేదు.

ఈ సంగతిని అతను షెడ్డులో గంటసేపు వివరించాడు. సైన్సు ప్రజల సొత్తన్నాడు. ప్రశ్నించే గొంతే రేపటి వెలుగన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు.

"అదేంటి నూకాలమ్మా?" అన్నాడు మొహం చిన్నబుచ్చుకుని.

"మీరు మంచోరే బాబూ. మీ మాటలే ఇంకెవులివో లాగుంటాయి."

ఇమ్మానుయేలు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత అతనూ నవ్వేశాడు.

నూకాలు మాత్రం వాలి ఉన్న ఆ చేతుల్నే చూస్తోంది. "బాబూ, ఈ బిళ్ళ మేనేజరు బాబుకి అంటించగలరా?"

ఆడవాళ్ళు ఒకే షరతు పెట్టారు. తాము పనిలో మూడో చెయ్యి తొడగాలంటే, తమతో మాట్లాడేటప్పుడు మేనేజరూ తొడగాలి. ఆ చేతుల మీద హెడ్డాఫీసు మోజు పడి ఉంది కాబట్టి వర్మ కాదనలేకపోయాడు.

మొదటి మీటింగులో నూకాలు నోరు తెరవగానే, "వింటున్నానమ్మా," అన్నాడు వర్మ. భుజం మీది చెయ్యి తడిగుడ్డలా వేలాడింది. గది నవ్వులతో దద్దరిల్లింది. వర్మ మీటింగుని రెండు వారాలు వాయిదా వేశాడు.

ఆ రెండు వారాలూ ఆయన అద్దం ముందు చెవులు కదపడం నేర్చుకున్నాడు.

రెండో మీటింగులో నూకాలు వేళ్ళ నొప్పి గురించి చెబుతుంటే వర్మ చెయ్యి టక్కున లేచింది. అందరూ ఆయన మొహం వైపు చూశారు. ఈగలు ముసిరిన దూడ చెవుల్లా రెండు చెవులూ టపటపలాడుతున్నాయి.

"దొంగాటే!" అని పైడమ్మ నూకాలు డొక్కలో పొడిచింది.

"ఉండవే," అంది నూకాలు. వర్మ కళ్ళు తన పెదవుల మీదే ఉన్నాయని ఆమె గమనించింది. తప్పుచోట చెయ్యి లేపితే దొరికిపోతాడు మరి. ఎక్కడ లేపాలో తెలియాలంటే ప్రతి మాటా పట్టుకోవాలి. ఆమె గొంతు తగ్గించింది. వర్మ ముందుకి వంగాడు. ఆమె మధ్యలో, "మొన్న మా మేక ఈనింది," అంది. చెవులు ఆగిపోయాయి. మళ్ళీ ఐసు సంగతికి వచ్చింది. చెవులు ఊగాయి. జేబులో ఫోన్ మోగినా ఆయన చెయ్యి అటు పోలేదు.

మోసం చెయ్యడానికైనా వినక తప్పలేదు.

"ఆగమ్మా," అన్నాడు వర్మ ఉన్నట్టుండి. "ఎడమ వరుస వాళ్ళకే వేళ్ళు ముందు బిగుసుకుంటున్నాయన్నావు. ఎందుకని?"

పదకొండేళ్ళలో ఆయన నూకాలుని అడిగిన మొదటి ప్రశ్న అది.

"నేల అటు వాలుగా ఉంది బాబూ. కరిగిన ఐసు నీళ్ళన్నీ మా కాళ్ళ కిందకే వస్తాయి. పైన చేతులూ, కింద కాళ్ళూ."

"అయితే మొదటి తొట్టె అటే పెట్టిద్దాం. రేపటినుంచే. పది నిమిషాలు చాలుతాయా?"

నూకాలు జవాబు చెప్పబోతూ ఆయన చెవుల వైపు చూసింది. అవి కదలడం లేదు. మూడో చెయ్యి మాత్రం ఎప్పుడు లేచిందో, ఆయన తల పక్కన గాలిలో నిటారుగా నిలబడి ఉంది. వర్మకి ఆ సంగతే తెలియదు.

ఆమె ఆయనకి చెప్పలేదు.

"పదిహేనైతే బావుంటాది బాబూ," అంది.