ఆచారి నోటి "చాలు"

పొద్దున ఆరున్నరకే రుద్రాచారి వసారాలో కుంపటి రాజుకుంది. మైదుకూరు బజారులోకి నగల షోరూములు వచ్చినప్పటి నుంచి ఆచారి అంటే చంటిపిల్లల చెవులు కుట్టేవాడు, తెగిన కాలిపట్టీలు అతికేవాడు అని జనం తీర్మానించుకున్నారు. పెళ్ళి నగలకు ఏసీ అంగడి, తెగిన నగలకు ఆచారి వసారా. ఆ అంగళ్ళను నాలుగు మాటలు తిట్టనిదే రుద్రాచారికి కాఫీ గొంతు దిగదు.

అయినా గుండ్ల దండ కావాలంటే మాత్రం ఇప్పటికీ ఆయన దగ్గరికే రావాలి. శనగగింజంత గుండ్లు. రెండు డొప్పలు కొట్టి, ఒకదాని మీద ఒకటి బోర్లించి, అంచుకు వెలిగారమూ అతుకు పొడీ పూసి, దీపం మంటను ఊదుగొట్టంతో దాని మీదికి ఊదాలి. పొడి కరిగి అంచు చుట్టూ మెరుపులాగా తిరుగుతుంది. ఆ మెరుపు చుట్టు పూర్తయిన రెప్పపాటులో మంట తీయాలి. ఒక్క ఊపిరి ఎక్కువైతే గుండు ముద్దవుతుంది, తక్కువైతే అతుకు విచ్చుకుంటుంది. రుద్రాచారి గుండుకు అతుకెక్కడో భూతద్దం పెట్టి వెతికినా దొరకదని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా పేరు.

ఆరేళ్ళ కింద ఆయనకు ఆయాసం పట్టుకుంది. అప్పటి నుంచి ఊదుగొట్టం భార్య హంపమ్మ చేతికొచ్చింది. కన్నడ సరిహద్దు ఆలూరు నుంచి కాపురానికొచ్చి ముప్పై ఏళ్ళయినా డబ్బులను ఇంకా "దుడ్లు" అనే అంటుంది ఆమె. ఆయన సన్నటి పటకారు లాంటి శ్రావణంతో గుండు పట్టుకుంటాడు. ఆమె ఊదుతుంది. ఆయన "చాలు" అంటాడు. గుండు అయిపోతుంది. వసారాకు అడ్డంగా ఒక చాప కట్టి ఉంటుంది. గిరాకీ చెప్పుల చప్పుడు వినబడగానే హంపమ్మ గొట్టం కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోవాలి. ఆడమనిషి ఊదుతోందని తెలిస్తే ఆచారికి పనితనం పోయిందనుకుంటారని ఆయన భయం.

ఆ పొద్దు కూతురు యామిని ఒక కాగితం తెచ్చి కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. మహిళా సంఘం హాలులో ఆడవాళ్ళకు మూడు నెలలు చేతినగల పని నేర్పుతారట. నేర్పే మనిషిని ఈ రోజే పని చేయించి చూసి తీసుకుంటారట. అర్జీ తనే నింపానంది. రుద్రాచారి కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాడు. నేర్పేవారు అన్న చోట రెండు పేర్లున్నాయి. మొదటిది హంపమ్మ, రెండోది తనది.

"ముందు మీయమ్మ పేరు ఏంటికి రాసినావు?"

"ఊదేది అమ్మే గదా నాయనా."

"ఊదేది గాలి. చెప్పేది నేను. నేను చాలు అనకపోతే మీయమ్మ మద్యాన్నం దాకా ఊదుతానే ఉంటాది."

పెనం మీద దోసె తిప్పుతున్న హంపమ్మ పకపకా నవ్వింది. యామిని నవ్వలేదు. అమ్మను ఆరేళ్ళుగా చాప వెనక కూర్చోబెట్టి పేరంతా నువ్వే తింటున్నావని మొహం మీదే అనేసింది. రుద్రాచారికి ఒళ్ళు మండింది. ఈ చేతిపని తన తాతల నాటి నుంచి వచ్చిందన్నాడు. షోరూములు తన గిరాకీని తిన్నాయి, ఇక మిగిలింది పేరొక్కటే, దాన్ని కన్నకూతురే పంచిపెడుతోందన్నాడు. జేబులో పెన్ను తీసి హంపమ్మ పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు.

"నేనొక్కణ్ణే పోతాండా. మీరెవురూ రావద్దు."

వంటింట్లో నవ్వు ఆగిపోయింది. కాసేపటికి హంపమ్మ ఊదుగొట్టాన్ని పాత గుడ్డలో చుట్టి తెచ్చి ఆయన సంచిలో పెట్టింది. "దీన్ని మరిచిపోయినావు" అంది. ఆమె నాలుగు తిట్టి ఉంటే ఆయనకు హాయిగా ఉండేది.

హాలులో ఇరవై మంది దాకా ఆడవాళ్ళున్నారు. శిక్షణ చూసుకునే స్వర్ణలత మేడం కుర్చీ వేయించింది. రుద్రాచారి కుర్చీ తోసేసి నేల మీదే కూర్చున్నాడు. డొప్ప ఎట్లా కొట్టాలో, పొడి ఎంత పూయాలో సరదాగా చెప్పాడు. మెషీను గుండుకూ చేతిగుండుకూ తేడా, హోటలు ఇడ్లీకీ ఇంటి ఇడ్లీకీ ఉన్నంత అన్నాడు. అందరూ నవ్వారు. ఇక అతకడమే మిగిలింది. మంచి ఊపిరి ఉన్నవాళ్ళు ఒకరు ముందుకు రమ్మన్నాడు.

జీవమ్మ లేచింది. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే మైకు దండగని పేరు. ఆయన వెండి గుండు పట్టుకున్నాడు, ఆమె బుగ్గలు పూరించి ఊదింది. పొడి మెరిసింది. "చాలు" అన్నాడు. ఆమె వెంటనే ఆపింది కూడా. చూస్తే గుండు కరిగి కందిపప్పు బద్దలాగా పడి ఉంది.

"నువ్వు లేటుగా ఆపినావమ్మా."

"నువ్వు అన్న వెంటనే ఆపినా గదా ఆచారన్నా" అంది జీవమ్మ, నొచ్చుకుంటూ.

రెండోసారి సోమక్క కూర్చుంది. చాలు అన్నాడు, ఆపింది. మళ్ళీ ముద్దే. మూడోసారి పట్టుదలకు పోయి గొట్టం తన నోట్లోనే పెట్టుకున్నాడు. నాలుగు ఊపిర్లకే దగ్గు తెర కమ్ముకొచ్చింది. గుండు రెండు డొప్పలై దొర్లిపోయింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. స్వర్ణలత మేడం మంచినీళ్ళిచ్చి, మెల్లగా, కడప నుంచి మెషీను పని నేర్పే ఆయన కూడా వస్తానన్నాడని చెప్పింది. రుద్రాచారికి చెవుల్లో హోరు తప్ప ఏమీ వినబడలేదు. ఈ రోజు ఇట్లా లేచిపోతే రేపు తెగిన పట్టీ తెచ్చేవాళ్ళు కూడా ఉండరు.

అప్పుడే గుమ్మంలో హంపమ్మ కనబడింది. ఒక చేతిలో టిఫిను క్యారియరు, ఇంకో చేతిలో ఆయాసం మాత్రలు. వాటిని ఇచ్చి పోదామని వచ్చింది. నేల మీది వెండి ముద్దలను చూసింది. గుమ్మం దాటి లోపలికి మాత్రం రాలేదు.

రుద్రాచారి ఆ ముద్దల వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

"మే, ఈడికి రా. వచ్చి ఊదు."

"అందరూ చూస్తాండారు" అంది ఆమె మెల్లగా.

"చూడనీ."

ఆమె కొంగు నడుముకు చుట్టి ఎదురుగా కూర్చుంది. ఆయన గుండు పట్టుకున్నాడు. గుండు మంటకు సరిగ్గా ఎదురుగా వచ్చేదాకా ఆమె ఆగింది. అప్పుడు ఊదింది. బుగ్గల్లో గాలి, ముక్కుతో ఊపిరి, మంట సూదిమొనలాగా నిలిచింది. పొడి కరిగింది. మెరుపు చుట్టు తిరిగింది. చాలు అనాలని ఆయన నోరు తెరిచాడు. ఆయాసానికి ఊపిరి అందక మాట రాలేదు.

మంట మాత్రం ఆగిపోయింది.

గుండు నీళ్ళలో వేసి తీశాడు. అతుకు లేదు. చేతులు మారి అది హాలంతా తిరిగింది. ఎవరి గోటికీ అతుకు తగల్లేదు. జీవమ్మ రెండుసార్లు తిప్పి చూసి "దేవుని చేతిపని మాదిరి ఉండాది" అంది.

రుద్రాచారి మాత్రం భార్య మొహమే చూస్తున్నాడు. "నేను చాలు అనలేదు గదా" అన్నాడు చిన్నగా.

"అనలేదు."

"మరి ఎట్ల ఆపినావు?"

"ఎప్పుడూ ఆపినట్లే."

"ఎప్పటి నుంచి?"

"మొదటి దినం నుంచి. నువ్వు చాలు అనే రెప్పపాటు ముందే నేను ఆపేసింటా. మెరుపు నాకూ కనపడతాది గదా."

ఆరేళ్ళు. ఎన్ని దండలు, ఎన్ని వందల గుండ్లు, ఎన్ని చాలులు. రుద్రాచారికి నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది, దగ్గు నీళ్ళయి కళ్ళల్లో నిండింది. పొగ అన్నాడు. హాలులో పొగ ఎక్కడా లేదు. ఆమె మాత్ర తీసి చేతిలో పెట్టింది.

ఆయన అర్జీ కాగితం అడిగి తీసుకున్నాడు. తన పేరుకు పైన, గీత కొట్టిన చోటుకు పక్కన, ఐదో తరగతితో ఆగిపోయిన అక్షరాలతో హంపమ్మ అని గుండ్రంగా రాశాడు. మేడం చూసి, ఇద్దరూ రేపటి నుంచే రండి అంది.

మరుసటి పొద్దు వసారాలో చాప చుట్టి మూలన నిలబెట్టి ఉంది. యామిని దాన్ని చూసి తండ్రికి కాఫీ ఇచ్చింది. ఆయన షోరూములను తిట్టడం మరిచి తాగేశాడు. తర్వాత గుండు పట్టుకున్నాడు. హంపమ్మ ఊదింది, మెరుపు తిరిగింది, మంట ఆగింది. ఆయన నోరు మూసుకునే ఉన్నాడు.

హంపమ్మ గొట్టం నోట్లోంచి తీసి ఆయన మొహం చూసింది.

"ఏమయ్యా, అనలేదే?"

"అని ఏం లాభం మే, నువ్వు ముందే ఆపేస్తాండావు గదా."

"ఆపితే ఆపినా. నువ్వు అంటేనే నాకు గుండు అయినట్లు ఉంటాది."

రుద్రాచారి గుండు వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"చాలు" అన్నాడు.

ఆమె నవ్వుతూ ఇంకో డొప్పకు పొడి పూసింది.