మెడలో గంట

తప్పంతా బొంగరానిదే. ముందు నవ్వింది అదే కదా!

బడి నుంచి ఇంటికి వస్తూ దారి పొడుగునా పిచ్చుక ఇదే సణుక్కుంది. ఎందుకంటే, పొద్దున తాతయ్య తనని "పిచ్చుకా" అనలేదు. హాజరు పట్టీ చదివినట్టు పూర్తి పేరు పెట్టి పిలిచాడు.

బొంగరం పక్కింటి పిల్ల. ఇద్దరిదీ ఒకే క్లాసు. నిన్న సాయంత్రం ఇద్దరూ తాతయ్య గదిలో లెక్కలు చేసుకుంటున్నారు. తాతయ్య నలభై ఏళ్లు దర్జీ పని చేసిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు ఆయన మాట వినడం లేదు. అందుకే అమ్మ ఆయన మెడలో తాడు కట్టిన ఎర్ర బటన్ వేసింది. పడిపోతే అది నొక్కాలి. నొక్కితే బల్ల మీది పెట్టె మాట్లాడుతుంది. ఎక్కడో ఆఫీసులో కూర్చున్న ఒకావిడ పలకరించి, సాయం పంపిస్తుంది.

అది చూసి పిచ్చుక నోరు ఊరుకోలేదు.

"తాతయ్యా, నీకూ మెడలో గంట కట్టేశారా? తప్పిపోతావనా?"

బొంగరం పకపకా నవ్వింది. కబుర్లకు వచ్చిన తాతయ్య స్నేహితుడూ నవ్వాడు. తాతయ్య నవ్వలేదు. బటన్ తీసి, కొలతల టేపు వేలాడే మేకుకు తగిలించాడు.

అన్నవాళ్లకు మాట గాలికి పోతుంది. పడ్డవాళ్లకు ముల్లై దిగుతుంది.

పిచ్చుక తలుపు తోసింది. "తాతయ్యా!"

"ఇక్కడున్నానమ్మా..." గొంతు కింద నుంచి వచ్చింది.

కుట్టుమిషనుకీ మంచానికీ మధ్య తాతయ్య నేల మీద పడి ఉన్నాడు.

"ఎప్పుడు పడ్డావు?"

"రెండు కొట్టినప్పుడు."

గోడ గడియారంలో నాలుగూ పది. మేకు చెయ్యెత్తితే అందేంత దూరంలోనే ఉంది. నిలబడిన మనిషికి.

పిచ్చుక పరిగెత్తి బటన్ నొక్కింది. పెట్టె పలికింది.

"తాతగారూ, చెప్పండి."

"నేను మనవరాలినండీ! తాతయ్య పడిపోయాడు. లేవలేకపోతున్నాడు."

"భయపడకు తల్లీ. మాట్లాడుతున్నారా? రక్తం వస్తోందా?"

"మాట్లాడుతున్నాడు. రక్తం లేదు. రెండింటికే పడ్డాడట."

"నువ్వు లేపబోకు. పక్కన కూర్చో. అంబులెన్స్ పంపిస్తున్నాను, అమ్మకూ ఫోన్ చేయిస్తాను." ఆవిడ మళ్లీ అడిగింది. "రెండు గంటల పైనే అయింది కదా. బటన్ మెడలో లేదా?"

పిచ్చుక మేకు వైపు చూసింది.

"మరిచిపోయానమ్మా," అన్నాడు తాతయ్య నేల మీద నుంచే. "నాదే పొరపాటు."

బొంగరం పేరు పిచ్చుక నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

"కాదండీ. నేను ఎగతాళి చేశాను. అందుకే తీసేశాడు."

తాతయ్య చెయ్యి చాపి పిచ్చుక వేళ్లు పట్టుకున్నాడు.

ఆసుపత్రిలో చూశారు. ఎముక విరగలేదు. చీలమండ బెణికింది, అంతే.

ఆదివారం పిచ్చుక ఆడుకోవడానికి వెళ్లలేదు. సూది నాలుగుసార్లు పొడిచినా వదలకుండా, తాతయ్య చొక్కాకు లోపలి వైపు చిన్న జేబు కుట్టింది. తాతయ్య కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు.

"ఇదేం కుట్టే? పీత నడిచినట్టుంది!"

"విప్పి మళ్లీ కుడతా."

"విప్పకు. ఇంతకీ జేబు లోపలెందుకు?"

"బటన్ పెట్టుకోవడానికి. ఎవరికీ కనబడకుండా."

అప్పుడే బొంగరం గుమ్మంలోకి వచ్చింది. "తాతగారి గంట ఏదే?"

"గంట కాదు," అంది పిచ్చుక. "నొక్కితే మనుషులొస్తారు. నేను చూశాను."

బొంగరం ఈసారి నవ్వలేదు.

తాతయ్య తాడు మెడలో వేసుకుని, బటన్‌ను జేబులోకి జార్చాడు. అంతలో పెట్టె పలికింది.

"తాతగారూ, వారం వారం చేసే చెకింగ్ కాల్. బటన్ ఒంటి మీదే ఉందా?"

"ఉందమ్మా. గుండె మీదే ఉంది," అన్నాడు తాతయ్య. "మా పిచ్చుక కుట్టిన జేబులో."